ఆర్డరు వచ్చాకే తయారీయా, ముందే చేసి పెట్టుకోవాలా? బెజవాడ, గుంటూరు చిన్న తయారీదారులకు ఎంపిక సలహా

పచ్చళ్లు, కారం, మంగళగిరి చీరలు, బీరువాలు, కొండపల్లి బొమ్మలు, ఆటోనగర్‌లో లారీ బాడీలు. బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల ఏదో ఒకటి సొంతంగా తయారుచేసి అమ్ముకునేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో చాలామందిని ఇప్పుడు ఒకే ప్రశ్న పట్టుకుంది. వాట్సాప్‌లో ఫొటో పెడితే ఆర్డర్లు వస్తున్నాయి, అడ్వాన్సు ఫోన్‌పేలో పడిపోతోంది. అలాంటప్పుడు సరుకు ముందే చేసి గదినిండా పేర్చుకోవడం ఎందుకు? ఆర్డరు వచ్చాకే పని మొదలుపెడితే డబ్బు ఇరుక్కోదు కదా?

ఆలోచన మంచిదే. కానీ అన్ని సరుకులకూ ఒకే జవాబు పనికిరాదు. ఒకే ఇంట్లో తయారయ్యే ఆవకాయకూ గోంగూరకూ కూడా జవాబు వేరు. ఇది వ్యాపారం మొత్తానికి ఒకసారి తేల్చేసుకునే సంగతి కాదని నా గట్టి నమ్మకం. ఒక్కో సరుకునూ విడిగా తీసుకుని, ఎక్కడిదాకా ముందే చేసి ఉంచాలి, ఏ దశలో ఆగి ఆర్డరు కోసం చూడాలి అన్నది తేల్చుకోవాలి. ఆ పనికి పనికొచ్చే కొలమానాలు ముందు చెబుతాను, తర్వాత ఒక్కో దారినీ వాటితో పోల్చి చూద్దాం.

## ముందుగా చూసుకోవాల్సినవి

కొనేవాళ్లు ఎన్నాళ్లు ఆగుతారు? అన్నిటికన్నా పెద్ద కొలమానం ఇదే. ఒక కాగితం మీద రెండు అంకెలు వేయండి: మొదటి నుంచి చివరిదాకా తయారీకి పట్టే రోజులు, కొనేవాళ్లు విసుక్కోకుండా ఆగే రోజులు. రెండోది పెద్దదైతే నిశ్చింతగా ఆర్డరు వచ్చాక మొదలుపెట్టవచ్చు. చిన్నదైతే, ఎన్ని రోజుల తేడా ఉందో అన్ని రోజుల పని ముందే చేసి ఉంచాల్సిందే.

ఇంట్లో కారం డబ్బా ఖాళీ అయ్యాక ఫోన్ చేసే ఇల్లాలు రెండు మూడు రోజులు ఆగుతుంది, అంతకు మించి కిరాణా కొట్టుకు వెళ్లిపోతుంది. పెళ్లి పట్టుబట్టలు చూసుకునే కుటుంబం నెల రోజులైనా ఆగుతుంది, కానీ ముహూర్తం దాటాక ఒక్క రోజు కూడా ఆగదు. లారీ యజమాని సంగతి ఇంకో రకం. ఛాసీ (ఇంజను, చక్రాలున్న చట్రం) అతనిది, అదీ ఫైనాన్సు మీద తీసుకున్నది. బాడీ పూర్తయ్యేదాకా కిరాయి రూపాయి రాదు, వాయిదా మాత్రం నెలనెలా కట్టాలి. అతను ఆగుతున్నాడంటే ఆ ఆగడానికి సొంత జేబులోంచి కడుతున్నాడు. అందుకే ఆటోనగర్‌లో ధర కొంచెం ఎక్కువైనా వారం ముందు బండి ఇచ్చే షెడ్డు వైపే మొగ్గేవాళ్లు ఉంటారు.

అమ్ముడుపోకుండా మిగిలితే ఏమవుతుంది? టేకు మంచం మిగిలితే వచ్చే నెల అమ్ముకోవచ్చు. పేరు చెక్కిన నేమ్‌ప్లేటు మిగిలితే చెత్తే. వీటి మధ్యన ఉన్నవాటికి చిన్న లెక్క ఉంది. ఒక చీర అమ్మితే 400 రూపాయలు మిగులుతుందనుకుందాం. అమ్ముడుపోక చివరికి తగ్గింపులో వదిలించుకుంటే 600 నష్టం. అప్పుడు 600ని మొత్తం 1,000తో భాగిస్తే 0.6 వస్తుంది. ఆ చీర పూర్తి ధరకు అమ్ముడుపోయే అవకాశం 60 శాతానికి మించి ఉంటేనే ముందు నేయించాలి, లేకపోతే ఆర్డరు కోసం ఆగాలి. గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఎవరైనా వేసుకోగలిగే లెక్క ఇది, పెద్ద కంపెనీలు ఎంత సరుకు నిల్వ ఉంచాలో తేల్చేదీ ఇదే సూత్రంతో.

ఎన్ని రకాలు? 12 రంగులు, 4 అంచులు అంటే 48 రకాలు. ఒక్కోటి రెండేసి ఉంచినా 96 చీరలు. అన్నీ పెట్టుకున్నా వచ్చినావిడ అడిగేది 49వ రకమే! రకాలు పెరిగేకొద్దీ ముందే చేసిపెట్టడం తలకు మించిన భారమవుతుంది.

ముడిసరుకు ఏడాది పొడవునా దొరుకుతుందా? ఆవకాయ మామిడి కాయకు ఏప్రిల్ నుంచి జూన్ దాకానే రోజులు. గుంటూరు యార్డుకు కొత్త మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ముమ్మరంగా వస్తుంది, ఆ తర్వాత వేసవి సెలవులు, ఆపైన దొరికేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన ఏసీ సరుకు. నవంబరులో ఆర్డరు వస్తే నవంబరులో మామిడికాయ పుట్టదు.

ఒకసారి మొదలుపెడితే ఎంత చేయక తప్పదు? మగ్గం మీద పడుగు (నిలువు పోగులు) ఎక్కిస్తే అది ఒక్క చీరకు సరిపడేంత ఉండదు, వరసగా కొన్ని చీరలు నేయాలి. పౌడర్ కోటింగ్ వాళ్లు (ఇనుము మీద పొడి రంగు వేసి కాల్చేవాళ్లు) రంగు మార్చాలంటే గన్ను, రంగు కొట్టే గది శుభ్రం చేసుకోవాలి, అందుకని ఒక్క బీరువా కోసం ఊదా రంగు వేయమంటే మొహం మాడుస్తారు.

ఆర్డర్లన్నీ ఒక్కసారే మీద పడతాయా? మన దగ్గర ఇది మరీ ముఖ్యం. మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలవగానే అందరికీ అదే వారం కావాలి. ఆషాఢంలో ఎవరూ రారు, శ్రావణంలో తలుపు మూయనివ్వరు. నిల్వ పెట్టుకునేవాడు ఆషాఢంలో చేసి శ్రావణంలో అమ్ముతాడు. పూర్తిగా ఆర్డర్ల మీదే నడిచేవాడికి ఆషాఢంలో పనివాళ్లు ఖాళీ, శ్రావణంలో రాత్రింబవళ్లు పని. ఆర్డరు తయారీని పొగిడేవాళ్లు ఈ సంగతి తరచుగా వదిలేస్తారు.

## నాలుగు దారులు

| | ముందే పూర్తిగా చేసి ఉంచడం | సగం చేసి ఆపి ఉంచడం | విడత బుకింగు | పూర్తిగా ఆర్డరు వచ్చాకే |
|---|---|---|---|---|
| కొనేవాళ్లు ఆగాల్సింది | అసలు అక్కర్లేదు | కొద్ది రోజులు | చెప్పిన తేదీ దాకా | తయారీ కాలమంతా |
| పెట్టుబడి ఎవరిది | మొత్తం మీదే | ముడిసరుకు, సగం పని మీది | ఎక్కువ భాగం కొనేవాళ్లది | అడ్వాన్సును బట్టి |
| మిగులు భయం | ఎక్కువ | తక్కువ | చాలా తక్కువ | ఆర్డరు రద్దయితేనే |
| రకాలు | కొన్నే | చాలా | కొన్నే | ఎన్నైనా |
| అసలు ఇబ్బంది | పాత సరుకు పేరుకోవడం | ఎక్కడ ఆపాలో తెలియడం | బుకింగు తక్కువ పడితే విడత గిట్టకపోవడం | గడువు తప్పడం |
| సరిపోయేవి | రోజువారీ పచ్చళ్లు, మామూలు బీరువాలు | కారం, గోంగూర, బొమ్మలు | ఆవకాయ, పండగ పిండివంటలు | లారీ బాడీలు, కొలతల ఫర్నిచరు |

### ముందే చేసి ఉంచడం

దీన్ని పాతకాలపు పద్ధతి అని కొట్టిపారేయకండి. బీసెంట్ రోడ్డులో, గుంటూరు లాలాపేటలో కొట్టుకొచ్చి చేత్తో పట్టుకుని చూసి అప్పటికప్పుడు కొనేవాళ్లు ఉన్నంతకాలం ఇది ఉంటుంది. కొద్ది రకాలు, రోజూ అమ్ముడుపోయేవి, త్వరగా పాడవనివి ఉంటే ఇంతకన్నా సుఖమైన దారి లేదు. పనివాళ్లకు ఏడాదంతా సమానంగా పని దొరుకుతుంది, ఒకేసారి ఎక్కువ చేస్తే ఒక్కోదానికి ఖర్చూ తగ్గుతుంది.

చిక్కల్లా, పాత సరుకు కంటికి కనిపించదు. బీరువాలో ఉన్న చీర ఆస్తిలాగే కనిపిస్తుంది. ఆరు నెలలు దాటిన ప్రతి వస్తువుకూ ఎర్ర స్టిక్కరు అంటించండి. గదిలో ఎరుపు పెరుగుతుంటే ఆ రకాన్ని ఈ దారి నుంచి తీసేయాలి.

### సగం చేసి ఆపి ఉంచడం

మన ప్రాంతంలో చాలా సరుకులకు సరైన జవాబు ఇదే అని నేను అనుకుంటాను. దీని గురించి తక్కువ మాట్లాడతారు కాబట్టి కొంచెం విడమరచి చెబుతాను.

కారం తీసుకోండి. మరపట్టిన కారం నెలలు గడిచేకొద్దీ రంగు, వాసన తగ్గిపోతుంది. అదే కాయను చల్లగా, తేమ తగలకుండా ఉంచితే చాలాకాలం నిలబడుతుంది. కాబట్టి సీజనులో తేజ, 334, బ్యాడిగి లాంటివి రకాలవారీగా కొని, తాలు ఏరించి, కాయగానే నిల్వ చేయాలి. వారానికి సరిపడా కాయకు ముచ్చికలు తీయించి సిద్ధంగా ఉంచుకోవాలి. ఆర్డరు వచ్చాక మిగిలేది మర పట్టడం, ప్యాకింగు మాత్రమే. అక్కడే ఇంకో లాభం ఉంది: ఘాటు కావాలన్నవాళ్లకు తేజ పాలు పెంచి, రంగు కావాలన్నవాళ్లకు బ్యాడిగి పాలు పెంచి కలపవచ్చు. మూడు రకాల కాయ నిల్వ పెట్టి పది రకాల కారం అమ్మవచ్చు. పది రకాల కారాన్నీ ప్యాకెట్లుగా ముందే చేసి పెడితే అందులో నాలుగు రకాలు మిగిలిపోతాయి.

గోంగూరా అంతే. ఆకు వేయించి ఉప్పు కలిపి నిల్వ చేసుకుంటే, ఆర్డరును బట్టి వెల్లుల్లి వేసో వేయకుండానో, కారం తగ్గించో పెంచో అప్పుడు పోపు పెట్టి పంపవచ్చు. మాగాయకు ఉప్పులో ఊరి ఎండిన ముక్కలు ఉంటే చాలు. వెల్లుల్లి తిననివాళ్లకు వేరే జాడీ పెట్టుకోవాల్సిన బాధ తప్పుతుంది.

కొండపల్లి బొమ్మల తయారీ కూడా దశలవారీగానే సాగుతుంది. తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాలు అతికి, సుద్ద పూసి, చివర్లో రంగులు వేస్తారు. సుద్ద పూసిన దాకా చేసి ఉంచిన ఎడ్లబండికి ఏ రంగు చీర కట్టిన బొమ్మను కూర్చోబెట్టాలో, ఎడ్లకు ఏ రంగు వేయాలో ఆర్డరును బట్టి తేల్చుకోవచ్చు. సంక్రాంతి బొమ్మల కొలువు ముందు నెల రోజుల్లో వచ్చే రద్దీకి ఇది గొప్ప ఉపశమనం.

ఇటలీలో బెనెట్టన్ కంపెనీ ఇదే పని స్వెటర్లతో చేసింది. రంగు వేసిన నూలుతో అల్లడం మామూలు పద్ధతి. వాళ్లు తెల్లగా అల్లేసి పెట్టుకుని, ఆ ఏడు ఏ రంగు అడుగుతున్నారో చూసి అప్పుడు అద్దకం వేశారు. ఆర్డరు తయారీ అనగానే అందరూ చెప్పే డెల్ కంప్యూటర్ల కథ కూడా దగ్గర్నుంచి చూస్తే ఇదే. మైకేల్ డెల్ 1984లో టెక్సస్‌లో హాస్టలు గదిలో మొదలుపెట్టిన ఆ కంపెనీ ఆర్డరు అందాకే కంప్యూటర్ చేసేది, నిజమే. కానీ చిప్పులు, డిస్కులు వాళ్లు తయారుచేసినవి కావు. అవి ఫ్యాక్టరీకి దగ్గర్లోనే సరఫరాదారుల దగ్గర సిద్ధంగా ఉండేవి, ఆర్డరు వచ్చాక జరిగింది బిగింపు. కొన్నవాళ్ల డబ్బు ముందే చేతికొచ్చేది, విడిభాగాల డబ్బు తర్వాత కట్టేవారు. అలాంటి కంపెనీ కూడా 2007లో వాల్‌మార్ట్ కొట్లలో తయారు సరుకు పెట్టి అమ్మడం మొదలుపెట్టింది, ఎందుకంటే ఆగడం ఇష్టంలేని కొనుగోలుదారులు పెరిగారు.

మంగళగిరి మగ్గం దగ్గర ఆగే చోటు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పడుగు మార్చడం పెద్ద పని: కొత్త పడుగు సిద్ధం చేయాలి, పోగు పోగు అచ్చు అతకాలి. పేక (అడ్డపోగు) మార్చడం చిన్న పని: కండె మారిస్తే సరి. కాబట్టి అందరికీ నచ్చే ఒక పడుగు రంగు, ఒక నిజాం అంచు ఎంచుకుని మగ్గం ఎక్కించి, ఒక్కో చీరకూ పేక రంగును ఆర్డరు ప్రకారం మార్చుకుంటే, ఒకే పడుగు మీద నాలుగైదు ఇళ్లవాళ్లకు వేరువేరు ఛాయల చీరలు వస్తాయి. ఆన్‌లైనులో అమ్మేవాళ్లు కొనేవాళ్ల ముందు పేక రంగుల కార్డు మాత్రమే పెట్టాలి. పడుగు రంగు కూడా ఎంచుకోమంటే నేతన్న చేతికి సంకెళ్లు వేసినట్టే.

### విడత బుకింగు

ఫలానా తేదీ దాకా ఆర్డర్లు తీసుకుంటాం, ఆ తర్వాత ఒకేసారి చేసి ఫలానా తేదీన పంపుతాం అని చెప్పే పద్ధతి. ఆవకాయకు ఇంతకన్నా తగింది లేదు. మార్చిలో బుకింగు తీసుకుంటే కాయ ఎంత కొనాలో, పప్పు నూనె ఎన్ని డబ్బాలు తేవాలో ముందే తెలుస్తుంది. కాయ కొట్టేవాళ్లను ఆ రెండు రోజులకే పిలుస్తారు. మూడో రోజు తిరగకలిపి, నూనె పైకి తేలాక ప్యాకింగు. అరిసెలు, సున్నుండలు లాంటి సారె పిండివంటలకూ ఇదే దారి. అరిసెల బియ్యం నానబోసి తడి పిండి పట్టించాలి కాబట్టి కిలో కోసం పొయ్యి వెలిగిస్తే గిట్టదు.

ఇక్కడ జాగ్రత్త ఒకటే. కనీసం ఇన్ని కిలోలు బుకింగు అయితేనే చేస్తామని, కాకపోతే ఫలానా రోజున డబ్బు వెనక్కి ఇస్తామని మొదటి రోజే చెప్పాలి. బుకింగు కన్నా ఓ పది శాతం ఎక్కువ చేసుకోండి, జాడీ పగలడం, కొరియరులో కారడం మామూలే. అంతకు మించి చేస్తే మళ్లీ మొదటి దారిలో పడ్డట్టే. సీజను దాటాక అడిగేవాళ్ల కోసం ఎంత అదనంగా పెట్టాలో పైన చెప్పిన 60 శాతం లెక్కతో చూసుకోండి. ఆవకాయ ఏడాది నిలుస్తుంది కాబట్టి నష్టం అంకె చిన్నదవుతుంది, కాస్త ధైర్యం చేయవచ్చు.

### పూర్తిగా ఆర్డరు వచ్చాకే

కొలతలు, డిజైను ఒక్కొక్కరివీ వేరైతే ఇంకో దారే లేదు. వంటింటి కబోర్డులు, గేట్లు, లారీ బాడీలు, దేవుడి మందిరాలు ఈ కోవలోకి వస్తాయి. మిగులు భయం దాదాపు ఉండదు. కానీ భయం పోదు, ఇంకో చోటికి మారుతుంది: నిల్వ సరుకు బదులు ఇప్పుడు మీ దగ్గర నిల్వ ఉండేది మీరిచ్చిన తేదీలు. సరుకు మిగిలితే మీ డబ్బు పోతుంది, తేదీ తప్పితే పేరు పోతుంది.

రెండోది ధర. ఇనుము, కలప, మిర్చి, బంగారం ఏదైనా సరే, ఆర్డరు తీసుకున్న రోజు ధర చెప్పి నెల తర్వాత ముడిసరుకు కొంటే మధ్యలో పెరిగినదంతా మీ నెత్తినే. అడ్వాన్సు అందిన రోజే ఆ ఆర్డరు ముడిసరుకు కొనేయండి. అది కుదరకపోతే చెప్పిన ధర ఎన్ని రోజులు చెల్లుతుందో కొటేషనులో రాయండి.

## ఎవరికి ఏది

ఇంట్లో పచ్చళ్లు మొదలుపెట్టి ఇప్పుడిప్పుడే అమెరికా, హైదరాబాదు ఆర్డర్లు అందుకుంటున్న ఆడవాళ్లకు: ఆవకాయ విడత బుకింగులో, గోంగూర, మాగాయ సగం చేసి, టమాటా లాంటివి రెండు మూడు రకాలు మాత్రం ముందే చేసి ఉంచండి. అన్నీ ఆర్డరు మీదే చేస్తామంటే రోజుకు ఆరు పొయ్యిలు వెలిగించి ఆరు అరకిలోలు చేయాల్సి వస్తుంది. గ్యాసు, ఒళ్లు రెండూ అరిగిపోతాయి. ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషను ఏ దారిలోనైనా తప్పనిసరి. ప్యాకెట్టు మీద తయారీ తేదీ నిజం రాయండి: మాగాయ ముక్క మేలో ఊరబెట్టినా పచ్చడి అక్టోబరులో కలిపితే ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పడంలో తప్పేమీ లేదు.

చీరలు అమ్మేవాళ్లకు: సొంత మగ్గం ఉంటే పైన చెప్పిన పేక పద్ధతి. మగ్గం లేకుండా నేతవాళ్ల దగ్గర చేయించి అమ్ముతుంటే ఆర్డరు గడువుకు వర్షాకాలాన్ని కూడా కలుపుకోండి. గుంట మగ్గాల్లోకి నీళ్లూరితే వారాలపాటు పని ఆగుతుంది. ఆ సమయంలో మీరిచ్చిన తేదీ కోసం నేతన్నను తొందరపెట్టడం అన్యాయం. జూలై నుంచి సెప్టెంబరు దాకా పూర్తి ఆర్డరు తయారీ వద్దనే చెబుతాను, వేసవిలో నేయించి పెట్టుకున్నవి అమ్మండి.

బీరువాలు, ఇనుప ఫర్నిచరు చేసే షెడ్డులకు: రెండు మామూలు సైజులు ఒకటి రెండు రంగుల్లో ముందే. మిగతావాటికి రేకు వంచి వెల్డింగు అయ్యాక, పెయింటుకు ముందు ఆపండి. అద్దం, లాకరు, రంగు ఆర్డరును బట్టి. పెయింటు లేని రేకు మన ఉక్కపోతకు త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి ప్రైమరు కొట్టి ఉంచాలి, నెలల తరబడి ఆపకూడదు.

లారీ బాడీల వాళ్లకు ఎంపిక లేదనుకుంటారు గానీ కొంత ఉంది. అందరికీ ఒకే కొలతలో పడే అడ్డచానళ్లు, తలుపు కీళ్లు, కొక్కేలు ముందే కోసి పెట్టుకుంటే ఛాసీ షెడ్డులోకి వచ్చాక పట్టే రోజులు తగ్గుతాయి. యజమాని వాయిదాల సంగతి గుర్తుంటే ఆ రోజుల విలువ మీకే తెలుస్తుంది.

చేతిలో పెట్టుబడి బొత్తిగా లేని కొత్తవాళ్లకు పూర్తి ఆర్డరు తయారీ సులువుగా కనిపిస్తుంది. మొదలుపెట్టడానికి అది సులువే. అయితే మొదటి పది మంది ఎవరో తెలియని మనిషికి అడ్వాన్సు ఇవ్వరు. చూపించడానికి రెండు మూడు నమూనాలైనా సొంత డబ్బుతో చేసి ఉంచాలి.

## ఆర్డరు మీదే అని తేల్చుకున్నాక

తేదీ ఎలా చెప్పాలి. చేతిలో ఉన్న ఆర్డర్లను రోజుకు పూర్తయ్యేవాటితో భాగించండి. 30 ఆర్డర్లున్నాయి, రోజుకు సగటున 2 పూర్తవుతున్నాయంటే కొత్తగా వచ్చిన మనిషికి కనీసం 15 పనిదినాలు. అమెరికా ప్రొఫెసరు జాన్ లిటిల్ 1961లో గణితంగా నిరూపించిన సూత్రానికి మూలం ఇదే. ఒక్కో ముక్కకు రెండు రోజుల పనే కదా అని నాలుగో రోజు ఇస్తామనడం దగ్గరే గడువులు తప్పుతాయి. పని రెండు రోజులే, క్యూ 15 రోజులు. పండగ, కరెంటు కోత, పనివాడి ఊరు ప్రయాణం కలిపి దానికి ఇంకో మూడో వంతు చేర్చి 20 చెప్పండి, 17కే ఇవ్వండి.

క్యూ హద్దు దాటితే ఆర్డర్లు ఆపేయాలి. ముహూర్తాల ముందు అయిదు వారాల పని చేతిలో ఉండగా వచ్చిన అడ్వాన్సు కాదనడం కష్టమే, నాకు తెలుసు. కానీ ఆ డబ్బు తీసుకుని పెళ్లికూతురికి ముహూర్తం మర్నాడు సరుకు ఇస్తే ఆ వీధి మొత్తం మీకు దూరమవుతుంది.

అడ్వాన్సు ఎంత. ఆర్డరు రద్దయితే ఆ వస్తువు ఇంకొకరికి పనికొస్తుందా అన్నదాన్ని బట్టి. పనికొస్తే పావు వంతు చాలు. కొలత కొంచెం మార్చి అమ్ముకోగలిగితే కనీసం ముడిసరుకు ఖర్చంత. పేరు చెక్కినవి, ఫొటో వేసినవి అయితే మొత్తం ముందే. ఆర్డరు రద్దయితే అడ్వాన్సు వెనక్కి ఇవ్వం అని ఊరికే రాసుకుంటే సరిపోదు: 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం రాసుకున్న మొత్తానికి మించకుండా న్యాయమైన పరిహారమే దక్కుతుంది. అప్పటిదాకా అయిన ఖర్చు చూపించగలిగేలా బిల్లులు దాచండి.

పన్ను. జీఎస్టీ రిజిస్ట్రేషను ఉన్నవాళ్లు సరుకు మీద తీసుకున్న అడ్వాన్సుకు అప్పుడే పన్ను కట్టక్కర్లేదు, ఇన్‌వాయిసు ఇచ్చినప్పుడు కడితే చాలు. 2017 నవంబరు 15 నోటిఫికేషను ఈ వెసులుబాటు ఇచ్చింది, కాంపోజిషను స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొంత శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకు అది వర్తించదు. కొనేవాళ్ల గుడ్డ మీద కుట్టుపని మాత్రమే మీదైతే అది సేవ కిందికి వస్తుంది, సేవకు తీసుకున్న అడ్వాన్సు మీద పన్ను పడుతుంది. కస్టమరు ఛాసీ మీద బస్సు బాడీ కట్టడం సేవే అని 2018లో సర్క్యులరు వచ్చింది. బాడీల వాళ్లు మీ ఆడిటరుతో ఈ తేడా ఒకసారి తేల్చుకోండి.

కొట్లకు, కంపెనీలకు ఆర్డరు మీద చేసిస్తుంటే ఉద్యమ్ రిజిస్ట్రేషను (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉచితం, చేయించుకోండి. 2006 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీదారుకు లిఖిత ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ. ఆర్డరు మీద చేసిన సరుకు వేరేవాళ్లకు అమ్మలేరు కాబట్టి ఈ రక్షణ నిల్వ సరుకు అమ్మేవాళ్లకన్నా మీకే ఎక్కువ అవసరం.

స్లిప్పులో ఏముండాలి. కొలత, రంగు, నమూనా ముక్క పిన్ను చేసి, తేదీ, మొత్తం ధర, అడ్వాన్సు, మార్పులకు ఆఖరి రోజు. చివరిది చాలామంది రాయరు. పెయింటు ఎక్కాక ఇంకో రంగు అడిగితే ఏం జవాబు చెప్పాలో ఆ ఒక్క గీత చెబుతుంది. ఆర్డరు మీద చేసింది వెనక్కి తీసుకోం అని రాయవచ్చు, కానీ లోపం ఉంటే ఆ మాట చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే అది అక్రమ వ్యాపార విధానమే.

## ఏ సరుకుతో మొదలుపెట్టాలి

నిరుటి బిల్లు పుస్తకం తీయండి. ఎక్కువ రకాలు చేసి, తక్కువ అమ్మి, తగ్గింపులో వదిలించుకున్న సరుకు ఏదో చూడండి. మార్చాల్సింది ముందు దాన్నే. బాగా అమ్ముడుపోతున్నదాన్ని ముట్టుకోకండి.

ఆ ఒక్క సరుకునూ ఆషాఢంలో మార్చి చూడడం మంచిది. ముహూర్తాలు ఉండవు, ఒకటి రెండు గడువులు తప్పినా ఎవరి పెళ్లీ ఆగదు. ఒక్కో ఆర్డరుకూ తీసుకున్న తేదీ, మొదలుపెట్టిన తేదీ, ఇచ్చిన తేదీ మూడూ పుస్తకంలో పక్కపక్కన రాయండి. తీసుకున్న రోజుకూ మొదలుపెట్టిన రోజుకూ మధ్య ఎక్కువ రోజులు పోతున్నాయంటే మనుషులు చాలడం లేదు, లేదా ముడిసరుకు దగ్గర లేదు. మొదలుపెట్టాక సాగుతోందంటే ఇంకో దశ దాకా ముందే చేసి ఆపాలి. శ్రావణం ఆర్డర్లకు తేదీలు చెప్పేటప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టుకుని చెప్పండి.